పండ్లు తినే గబ్బిలాలు ఎందుకు తగ్గుతున్నాయి, ఆపడానికి ఏం చేయాలి?

నేరేడుకొమ్మ:
గబ్బిలాలు తగ్గిపోతున్నాయని ఒకవైపు చదువుతున్నాం. చెట్టు నిండా వేలాడుతుంటే తగ్గడమేమిటని ఇంకోవైపు అడుగుతున్నారు. ఈ చర్చలో పండ్లు తినే గబ్బిలాల వరకే మాట్లాడుకుందాం. నావి మూడు ప్రశ్నలు. నిజంగా తగ్గుతున్నాయా, ఆ సంగతి ఎలా తేలుస్తారు? అవి పోతే పోయేదేమిటి? తోట ఉన్నవాళ్లు, గబ్బిలాల చెట్టు పక్కన ఇల్లున్నవాళ్లు వాటిని చంపకుండా, తరమకుండా ఏం చేయాలి? ఊరికే "ప్రకృతి సమతుల్యం" అనకుండా అంకెలతో, చేతికి పనికొచ్చే వివరాలతో రాయమని మనవి.

రాత్రిలెక్క:
చెట్టు నిండా కనిపించడమే మనల్ని మోసం చేస్తుంది. ఇవి గుంపుగా బతికే జీవులు. చుట్టుపక్కల పది మకాం చెట్లలో ఎనిమిది కొట్టేస్తే, మిగిలిన గబ్బిలాలన్నీ ఆ రెంటి మీదికే చేరతాయి. ఆ రెండు చెట్లనే చూసేవాళ్లకు "ఈ మధ్య విపరీతంగా పెరిగాయి" అనిపిస్తుంది.

మొత్తం మీద చూస్తే, పండ్లు తినే గబ్బిలాల కుటుంబంలో సుమారు 200 జాతులున్నాయి. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు వీటి నివాసం. పెద్ద సైజువి టెరోపస్ ప్రజాతివి, ఎగిరే నక్కలు అంటారు. అవే 60కి పైగా జాతులు, ఎక్కువభాగం దీవుల్లోనే ఉంటాయి. ఈ ఎగిరే నక్కల్లో దాదాపు సగం జాతులు ఐయూసీఎన్ (ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘం) ముప్పు జాబితాలో ఉన్నాయి. గువామ్ దీవిలోని చిన్న జాతి టెరోపస్ టోకుడే 1960ల చివర్లో ఆఖరిసారి కనిపించింది, ఆ తరువాత లేదు. మారిషస్‌లోని చిన్న జాతి టెరోపస్ సబ్‌నైగర్ 19వ శతాబ్దంలోనే అంతరించింది. దక్షిణాసియాలో మనకు బాగా తెలిసిన పెద్ద గబ్బిలం టెరోపస్ మీడియస్ ఇంకా "తక్కువ ఆందోళన" వర్గంలోనే ఉంది గానీ, అదే జాబితాలో దాని సంఖ్య తగ్గుతోందని రాసి ఉంది. వర్గం పేరు చూసి ఆగిపోకుండా పక్కనున్న ఆ మాట కూడా చదవాలి.

తోటకాపు:
రాత్రిలెక్క గారూ, ఒక సందేహం. ఎలుకలను ఎన్ని చంపినా మళ్లీ వస్తాయి కదా. గబ్బిలాలు మాత్రం ఎందుకు కోలుకోవు?

రాత్రిలెక్క:
అసలు కీలకం అక్కడే ఉందండి. పెద్ద ఎగిరే నక్క ఏడాదికి ఒక్కసారి, ఒక్క పిల్లనే కంటుంది. టెరోపస్ మీడియస్ గర్భం 140 నుంచి 150 రోజులు. ఆడపిల్ల ఈనడానికి రెండేళ్లు పడుతుంది.

లెక్క తేలిగ్గా ఉండటానికి కొన్ని ఊహా అంకెలు తీసుకుందాం. వెయ్యి గబ్బిలాల మకాం. అందులో ఆడవి 500, వాటిలో ఈడుకు వచ్చినవి 350. పదింట తొమ్మిది ఈనితే 315 పిల్లలు. సగం మొదటి ఏడాది దాటితే 157 మిగులుతాయి. ఏడాది దాటినవి 850 అనుకుని, వాటిలో ఏటా నూటికి పది నుంచి పదిహేను సహజంగానే చనిపోతాయనుకుంటే 85 నుంచి 127 దాకా అటు పోతాయి. ఇక మిగులు 30 నుంచి 70. వేట, కరెంటు తీగలు, వలలు, ఎండదెబ్బ, ఇవన్నీ కలిపి ఆ పరిమితి దాటితే ఆ మకాం కుంగడం మొదలైనట్టే. ఎలుకలకు ఈ లెక్క వర్తించదు, అవి నెలల్లో మళ్లీ నిండుతాయి. ఈతకాలంలో (పిల్లలు పుట్టే కాలంలో) చేసిన వేట ఒక్కో తల్లితో పాటు పిల్లనూ తీసేస్తుంది కాబట్టి దెబ్బ రెట్టింపు.

చిన్నవాటిలో కొన్ని కాస్త నయం. ఆకులను మలిచి గూడు కట్టుకునే పొట్టిముక్కు గబ్బిలం ఏడాదికి రెండుసార్లు ఈనుతుంది. అప్పుడు కూడా ఒక్కొక్క పిల్లే.

విత్తనాలపుట్ట:
రెండో ప్రశ్న నాకు వదిలేయండి.

ఇవి చేసేవి రెండు పనులు. ఒకటి పుప్పొడి మోయడం. రాత్రిపూట విచ్చుకునే, లేతరంగు, ఘాటైన వాసన, చిక్కటి తేనె ఉన్న పెద్ద పువ్వులు గబ్బిలాల కోసమే తయారైనవి. తెల్లబూరుగు, ఆఫ్రికా బావోబాబ్, అడవి అరటి జాతులు కొన్ని, ముళ్ల తొక్కు పండు దురియన్, చిక్కుడు కుటుంబపు చెట్టు పార్కియా, దుండిలం, ఇవన్నీ గబ్బిలాల మీద ఆధారపడ్డవే. ఆగ్నేయాసియాలో దురియన్‌కు ప్రధానంగా పుప్పొడి మోసేది ఇయోనిక్టెరిస్ స్పీలియా అనే గుహ గబ్బిలం. అది రాత్రంతా తోటల్లో తిరిగి, పగలు సున్నపురాతి గుహల్లో వేలాడుతుంది. గుహ ఉన్న కొండను క్వారీ తవ్వేస్తే పూత బాగానే వచ్చినా కాపు తగ్గుతుంది. తోట యజమానికి ఆ రెంటికీ సంబంధం తోచదు. ఎరువు తక్కువైందనుకుంటాడు.

రెండోది విత్తనాలు చల్లడం. ఇక్కడే పక్షులకూ వీటికీ తేడా ఉంది. పక్షులు ఎక్కువగా కొమ్మ మీద కూర్చున్నప్పుడు రెట్ట వేస్తాయి, విత్తనం మళ్లీ చెట్టు కిందే పడుతుంది. గబ్బిలం ఎగురుతూ వేస్తుంది, అదీ చెట్లు లేని ఖాళీ నేల మీదుగా పోతూ. తిన్నది పేగులోంచి బయటపడటానికి తరచుగా అరగంట అటూ ఇటూ పడుతుంది. ఆ అరగంటలో అది ఎన్ని కిలోమీటర్లు పోతుందో అంత దూరం విత్తనం పోతుంది. కొన్ని చిన్న విత్తనాలు ఇంకా ఎక్కువసేపు పేగులో నిలుస్తాయి. ఆఫ్రికాలోని గడ్డిరంగు గబ్బిలం ఐడోలాన్ హెల్వమ్ చిన్న విత్తనాలను 75 కిలోమీటర్ల దాకా మోయగలదని లెక్కగట్టారు. అడవి కొట్టేసిన నేల మీద ముందుగా మొలిచే మర్రి జాతి మొక్కలకు ఇంతకంటే మంచి వాహనం లేదు.

పెద్ద గింజలను మింగలేవు కాబట్టి పండును నోట కరుచుకుని వేరే చెట్టు మీదికి పోయి తింటాయి. గింజ అక్కడ పడుతుంది. రసం మింగి పీచును ఉండచుట్టి ఉమ్మేస్తాయి. చెట్టు కింద అలాంటి పిప్పి ఉండలు కనిపిస్తే, వాటిని నీళ్లలో విడదీసి చూడండి, మర్రి, మేడి గింజలు దొరుకుతాయి. ఆ గబ్బిలాలు ఏం తిని బతుకుతున్నాయో తెలుసుకోవడానికి ఇది ఖర్చు లేని పద్ధతి. చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు మాత్రం తప్పనిసరి.

నేరేడుకొమ్మ:
విత్తనాలపుట్ట గారూ, ఎగిరే నక్కలు ఎక్కువభాగం దీవుల్లోనే ఉంటాయని రాత్రిలెక్క గారు అన్నారు కదా, అక్కడ ఈ పనులు చేసే వేరే జీవులు ఉండవా?

విత్తనాలపుట్ట:
చాలా దీవుల్లో ఉండవు. పెద్ద పండ్లు తినే కోతులు, హార్న్‌బిల్ లాంటి పెద్ద పక్షులు సముద్రం దాటి అక్కడికి చేరలేదు. పెద్ద గింజను తల్లిచెట్టుకు దూరంగా వేసేది అక్కడ గబ్బిలం ఒక్కటే. ఇంకో మాట. గబ్బిలాల సంఖ్య సున్నా అయ్యేదాకా ఈ సేవ ఆగదని అనుకోకూడదు. గుంపు పెద్దదిగా ఉన్నప్పుడు ఒక చెట్టు మీద పండ్ల కోసం పోట్లాడుకుంటాయి, ఓడినవి పండు పట్టుకుని దూరం పోతాయి. గుంపు పలచబడితే ఎవరికి వారు అదే చెట్టు మీద తాపీగా తిని గింజ అక్కడే పడేస్తాయి. కాబట్టి జాతి అంతరించడానికి చాలా ముందే విత్తన వ్యాప్తి పడిపోతుంది. గబ్బిలాలను "ఇంకా ఉన్నాయి కదా" అని వదిలేయకూడదనడానికి నా దృష్టిలో ఇదే గట్టి కారణం.

తోటకాపు:
సరే, తోట సంగతి. తోటలో నష్టం నిజం, దాన్ని కాదంటే రైతు ఈ చర్చ చదవడం ఆపేస్తాడు. పండు కొరికి వదిలేస్తాయి, గుత్తులు రాలగొడతాయి. అయితే చంపితే నష్టం తగ్గుతుందా అంటే తగ్గదు. మారిషస్‌నే చూడండి. లిచీ, మామిడి నష్టం పేరుతో అక్కడి టెరోపస్ నైగర్‌ను 2015లో 30 వేలకు పైగా చంపారు, 2016లో మళ్లీ చంపారు. పండ్ల దిగుబడి పెరగలేదు. 2018లో ఐయూసీఎన్ ఆ జాతిని "ప్రమాదంలో ఉన్నది"గా పైకి జరిపింది. ఆ తరువాత కూడా సంహారాలు ఆగలేదు.

తోటకు పనిచేసేవి ఇవి.

వల. అన్నిటికంటే గట్టిది ఇదే, తప్పుగా కడితే అన్నిటికంటే ఘోరమైనదీ ఇదే. కన్ను 5 మిల్లీమీటర్లకు మించకూడదు, అదీ బాగా లాగి కొలిచినప్పుడు. పరీక్ష చాలా సులువు, చిటికెన వేలు కంతలోంచి దూరితే ఆ వల వద్దు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2021 సెప్టెంబరు నుంచి ఇంటి పండ్లచెట్ల వలలకు ఈ 5 మిల్లీమీటర్ల కొలతను చట్టమే చేసింది. పోగు మందం అర మిల్లీమీటరు ఉండాలి, అంతకంటే సన్నగా ఉంటే రెక్క పొరను కోసేస్తుంది. చేపలవల లాంటి ఒంటిపోగు నైలాన్ అసలు వాడొద్దు. రంగు తెలుపైతే రాత్రి గబ్బిలానికి కనిపిస్తుంది, నలుపు, పచ్చ అయితే వచ్చి తగులుకుంటుంది.

వలను చెట్టు మీద దుప్పటిలా పడేయడం పెద్ద తప్పు. వదులుగా వేలాడే మడతల్లో రెక్క చిక్కితే తిప్పుకున్నకొద్దీ బిగుస్తుంది. పైగా వల పండుకు ఆనుకుంటే బయటి నుంచే కొరుకుతాయి. చుట్టూ గుంజలు పాతి, పైన తీగ లాగి, వలను డోలు చర్మంలా బిగించాలి. కొమ్మల చివరకూ వలకూ మధ్య కనీసం అర మీటరు ఖాళీ. అడుగు అంచు నేలకు తాకించి రాళ్లో ఇసుక సంచులో పెట్టాలి. రోజూ తెల్లవారగానే ఒకసారి చుట్టూ తిరిగి చూడాలి. కోత అయిన రోజే వల దించేయాలి, ఖాళీ చెట్టు మీద వల ఉంచడం వల్ల ఒరిగేదేమీ లేదు.

పెద్ద చెట్లకు వల కట్టలేం. అందుకే కొమ్మలు కత్తిరించి ఎత్తు తగ్గించడం మొదటి పని, అది పంట కోతకూ మేలే. గుత్తులు కాసే చెట్లకు గుత్తికో సంచి తొడగొచ్చు, అడుగున నీరు కారే కంత ఉండాలి, లేకపోతే బూజు పడుతుంది. కోత సమయం కూడా చూసుకోవాలి. గబ్బిలం పండిన వాసన పట్టి వస్తుంది. పక్వానికి వచ్చి ఇంకా మెత్తబడని దశలో కోస్తే నష్టం చాలావరకు తప్పుతుంది. నష్టం లెక్కేసేటప్పుడు గాలికి రాలినవి, పక్షులు పొడిచినవి, పురుగు పట్టినవి వేరుగా పోగులు పెట్టండి. అన్నీ ఒకే పోగు పెడితే నేరమంతా గబ్బిలం మీదికి పోతుంది.

నేరేడుకొమ్మ:
డప్పులు, టపాకాయలు, ఫ్లడ్‌లైట్లు?

తోటకాపు:
రెండు మూడు రాత్రులు పనిచేసినట్టుంటుంది. తరువాత అలవాటు పడిపోతాయి. మకాం దగ్గర టపాకాయలు కాల్చడం మాత్రం వేరే నేరం, పిల్లలతో ఉన్న తల్లులు ఒక్కసారిగా లేస్తే పిల్లలు జారి కింద పడతాయి.

తీగబాట:
కరెంటు తీగల గురించి ఎవరూ రాయలేదు. టెరోపస్ మీడియస్ రెక్కలు చాపితే 1.2 నుంచి 1.5 మీటర్లు. ఓవర్‌హెడ్ పంపిణీ లైన్లలో తీగకూ తీగకూ ఉండే ఎడం చాలాచోట్ల అంతకంటే తక్కువ. ఒక తీగ మీద వాలితే పిట్టకు ఏమీ కాదు. గబ్బిలం వాలదు, తలకిందులుగా వేలాడుతుంది. ఎగరాలంటే రెక్కలు పూర్తిగా విప్పాలి. ఆ విప్పడంలో రెండో తీగ తగులుతుంది, సర్క్యూట్ పూర్తవుతుంది. ఒకదాని కింద ఒకటిగా తీగలు కట్టిన లైన్లలో ముప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే పైతీగకు వేలాడిన జీవి తలే కింది తీగకు తగలవచ్చు.

తోటలకూ, పూలచెట్లకూ, చెరువులకూ ఆనుకుని పోయే స్పాన్లలోనే (రెండు స్తంభాల మధ్య తీగల్లోనే) చావులు ఎక్కువగా పడతాయి. అందుకని లైను మొత్తం మార్చనక్కర్లేదు. చచ్చినవి ఏ స్తంభాల మధ్య కనిపిస్తున్నాయో రెండు నెలలు రాసుకుంటే, సాధారణంగా కొద్ది స్పాన్లే తేలతాయి. ఆ కొద్ది చోట్ల ఏబీ కేబుల్ (తొడుగున్న తీగలన్నీ కలిపి మెలిపెట్టిన కేబుల్) వేయడం శాశ్వత పరిష్కారం. అది కుదరకపోతే వాలే చోట్ల తీగకు ఇన్సులేటింగ్ తొడుగు. తీగలను తాకుతున్న కొమ్మ కత్తిరించడం కూడా ఉపయోగమే, కాకపోతే ఈతకాలం దాటాక.

తీగకు వేలాడుతున్న చచ్చిన గబ్బిలాన్ని కర్రతో తోయకండి. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి లైను ఆపించాలి. ఒక్క క్షణం బైనాక్యులర్స్‌తో చూడండి, తల్లి పొట్ట మీద పిల్ల బతికి ఉండొచ్చు. ఆ సంగతి చెప్తే లైన్‌మన్ జాగ్రత్తగా దించుతారు.

రాత్రిలెక్క:
తీగబాట గారి మాటకు ముళ్లకంచె కలపాలి. పండ్లచెట్టు, నీటిమడుగు పక్కన కంచె ఉంటే పైవరస ఒక్కటి ముళ్లు లేని సాదా తీగ చేసినా చాలావరకు చిక్కడం ఆగుతుంది. గబ్బిలం తగిలేది ఎక్కువగా పైవరసకే.

చిక్కినదాన్ని తీసే పద్ధతి కూడా చెప్తాను. మందమైన తువాలు తల మీద కప్పాలి, చీకటైతే నెమ్మదిస్తుంది. గబ్బిలాన్ని లాగొద్దు, చుట్టూ ఉన్న వలనో తీగనో కత్తిరించి ఆ ముక్కతో సహా పశువైద్యుడి దగ్గరకో వన్యప్రాణుల సంరక్షకుల దగ్గరకో పంపాలి. వెంటనే వదిలేయకూడదు. రెక్క పొరకు రక్తప్రసారం ఆగిన చోట కుళ్లు మూడు నాలుగు రోజుల తరువాత గానీ బయటపడదు. ఎగిరిపోయింది, బతికింది అనుకుంటాం, అది వారంలో ఆకలితో చస్తుంది.

జాగ్రత్తచూపు:
పై పోస్టుకు ఒక హెచ్చరిక చేర్చక తప్పదు. వట్టి చేత్తో ఏ గబ్బిలాన్నీ, పిల్లనైనా, చచ్చినదాన్నైనా ముట్టుకోవద్దు. ఆస్ట్రేలియాలో 1996లో రేబిస్‌కు దగ్గరి వైరస్‌ను ఎగిరే నక్కల్లో గుర్తించారు. కరిచినా గీరినా 15 నిమిషాలు సబ్బు నీటితో కడిగి, అదేరోజు డాక్టరును కలిసి రేబిస్ టీకాల గురించి అడగాలి. గాయం చిన్నదని వదిలేయొద్దు.

రోగాల భయమే ఇవాళ గబ్బిలాలకు పెద్ద శత్రువు. కాబట్టి సూటిగా మాట్లాడుకోవాలి. నిపా వైరస్‌కు ఎగిరే నక్కలు సహజ నిలయం, అది నిజం. 1998-99లో మలేసియాలో పందుల ఫారాల పైన పండ్లచెట్లు ఉండటం, కొరికిన పండ్లు పందుల దొడ్లలో పడటం వల్ల వ్యాపించింది. బంగ్లాదేశ్‌లో పచ్చి ఖర్జూరపు కల్లుకుండల్లో గబ్బిలాలు మూతిపెట్టడం వల్ల వచ్చింది. ఈ రెండు దారులూ మూసేయగలిగినవే. కల్లు కారే గాటును, కుండ మూతిని వెదురు తడికతో కప్పితే గబ్బిలం నోరు చేరదు, అక్కడ చేసిన పరిశీలనల్లో ఇది బాగా పనిచేసింది. కొరికిన పండు తినకూడదు, పశువులకు వేయకూడదు. నీళ్ల ట్యాంకుకు మూత ఉండాలి. పశువుల తొట్టి పండ్లచెట్టు కింద పెట్టకూడదు.

మరి గబ్బిలాలనే లేకుండా చేస్తే? ఉగాండాలోని కిటాకా గనిలో ఆ ప్రయోగం జరిగిపోయింది. 2007లో గని పనివాళ్లకు మార్‌బర్గ్ అనే ప్రాణాంతక వైరస్ సోకింది. 2008లో అక్కడి ఈజిప్షియన్ గబ్బిలాల గుంపును తుడిచిపెట్టారు. 2012 నాటికి కొత్త గబ్బిలాలు కొద్దిగా వచ్చి చేరాయి. వాటిని పరీక్షిస్తే, మునుపు 5.1 శాతంలో ఉన్న వైరస్ ఇప్పుడు 13.3 శాతంలో కనిపించింది. అదే ఏడాది దగ్గరి ఇబాండా పట్టణంలో మార్‌బర్గ్ బయటపడింది. పాత గుంపులో వైరస్ సోకి కోలుకున్నవి చాలా ఉంటాయి. వాటిని తీసేస్తే, సోకడానికి సిద్ధంగా ఉన్న కొత్తవి ఆ చోటు నింపుతాయి.

ఆస్ట్రేలియాలో హెండ్రా వైరస్ మీద 25 ఏళ్ల సమాచారంతో 2022లో వచ్చిన పరిశోధన ఇంకా సూటిగా చెప్పింది. శీతాకాలంలో పూసే యూకలిప్టస్ అడవులు పోవడంతో గబ్బిలాలు తిండి కోసం గుర్రాల మేతపొలాల దగ్గర చిన్న చిన్న గుంపులుగా స్థిరపడ్డాయి, వైరస్ గుర్రాలకు దాటింది. అడవిలో పూత బాగా వచ్చిన శీతాకాలాల్లో గబ్బిలాలు అటే పోయాయి, వైరస్ దాటలేదు. అంటే తిండిచెట్లను నిలపడం ఆరోగ్య శాఖ పని కూడా.

నేరేడుకొమ్మ:
కోవిడ్ సమయంలో చాలాచోట్ల మకాం చెట్లు కొట్టించారు కదా?

జాగ్రత్తచూపు:
ఆ వైరస్‌కు దగ్గరి బంధువులు కనిపించినవి గుర్రపునాడా గబ్బిలాల్లో. అవి పురుగులు తినేవి, వేరే కుటుంబం. చెట్లకు వేలాడే పండ్ల గబ్బిలాలను ఆ పేరుతో తరమడానికి ఏ ఆధారమూ లేదు.

విత్తనాలపుట్ట:
పొరపాటు జీవిని చంపడానికి పాత ఉదాహరణ ఒకటి. ఇజ్రాయెల్‌లో 1958 నుంచి చాలా ఏళ్లపాటు పండ్లతోటల నష్టం పేరుతో గుహల్లో లిండేన్ మందు పొగ పెట్టారు. లక్ష్యం ఈజిప్షియన్ పండ్ల గబ్బిలం. అదే గుహల్లో ఉన్న పురుగులు తినే గబ్బిలాలు కుప్పలుగా పోయాయి. పండ్ల గబ్బిలం మాత్రం తేరుకుంది.

రాత్రిలెక్క:
ఎండ గురించి కూడా రాసి తీరాలి. ఏటా పెరుగుతున్న ముప్పు ఇది. గాలి వేడి 42 డిగ్రీలు దాటితే ఎగిరే నక్కలు మూకుమ్మడిగా చనిపోతాయి. 2014 జనవరిలో ఆస్ట్రేలియాలోని ఆగ్నేయ క్వీన్స్‌లాండ్‌లో 45 వేలకు పైగా పోయాయి. 2018 నవంబరు 26, 27 తేదీల్లో కెయిర్న్స్ ప్రాంతంలో కళ్లజోడు ఎగిరే నక్కలు సుమారు 23 వేలు చచ్చాయి. అది ఆ దేశంలో ఉన్న ఆ జాతి మొత్తంలో దాదాపు మూడో వంతు, రెండే రోజుల్లో. మరుసటి ఏడాదే ఆ జాతిని ఆస్ట్రేలియా "ప్రమాదంలో ఉన్నది"గా ప్రకటించింది.

వేడి పెరిగేకొద్దీ వాటి ప్రవర్తన ఒక వరసలో మారుతుంది. మొదట రెక్కలతో విసురుకుంటాయి. తరువాత నీడకు జరుగుతాయి. ఆ తరువాత నోరు తెరిచి ఎగశ్వాస తీస్తూ ఉమ్మిని ఒంటికి, రెక్కలకు పూసుకుంటాయి. చివరికి మొదలు దగ్గరికి దిగి ఒకదాని మీద ఒకటి గుంపుగా అంటుకుంటాయి. ఆ దశ వస్తే చావులు మొదలైనట్టే.

ఇక్కడ ఆత్రంగా మకాం కిందికి పరిగెత్తితే మేలు కంటే కీడే ఎక్కువ. మనిషిని చూసి ఎగిరితే ఒంటివేడి ఇంకా పెరుగుతుంది. శిక్షణ ఉన్నవాళ్లు సన్నటి తుంపర జల్లుతారు, అదీ మూడో దశ దాటాకే. మామూలు జనం చేయగలిగింది ముందే చేయాలి. మకాం చెట్ల కింద పొదలు, చిన్న చెట్లు నరికి "శుభ్రం" చేయకూడదు, మధ్యాహ్నం వాటికి దిగడానికి చల్లని చోటు అదే. కింద ఆకులు తగలబెట్టొద్దు. పక్కన తెరిచి ఉన్న నీరు కావాలి. ఇవి ఒడ్డున కూర్చుని తాగవు, నీటిని పొట్టతో తాకుతూ ఎగిరి, ఆ తడి బొచ్చును నాకుతాయి. అందుకని తొట్టె పనికిరాదు, ఎగిరి దిగడానికి వీలున్న చెరువో కుంటో ఉండాలి, దాని మీద అడ్డంగా తీగలు ఉండకూడదు.

తోటకాపు:
మకాం పక్కన ఇళ్లవాళ్లకు వాసన ఒక సమస్య. చెట్టు కొట్టేయమని వచ్చే అర్జీలన్నిటికీ మూలం అదే.

విత్తనాలపుట్ట:
ఔను, ఆ బాధను తేలిగ్గా తీసుకోకూడదు. వాసనలో ఎక్కువ భాగం మగవాటి మెడ దగ్గరి గ్రంథులది, జతకట్టే కాలంలో పెరిగి తరువాత తగ్గుతుంది. చెట్టు కొట్టేస్తే గుంపు మాయం కాదు, పక్క వీధిలో ఇంకో చెట్టు ఎక్కుతుంది, చెదిరి మూడు చోట్ల అవుతుంది. ఇంటివైపు వాలిన కొన్ని కొమ్మలను ఈతకాలం కానప్పుడు తీయడం, మధ్యలో దట్టమైన పొదల వరస పెంచడం, బట్టలూ వాహనాలూ ఆ నీడలో పెట్టకపోవడం, రెట్ట ఎండకముందే నీళ్లతో కడగడం, ఇవి చేస్తే ఇబ్బంది తగ్గుతుంది. గుహల్లో పేరుకున్న ఎండు రెట్ట వేరే సంగతి, దాని దుమ్ములో ఊపిరితిత్తులకు పట్టే బూజు ఉండొచ్చు, మాస్కు లేకుండా కదపకూడదు.

మకాం చెట్టు ఒక్కటే నిలిస్తే చాలదు. పక్కన రెండో తరం చెట్లను ఇప్పుడే నాటాలి, గుంపును మోసే చెట్టు కావడానికి దశాబ్దాలు పడుతుంది. తిండికోసమైతే ఆ ప్రాంతపు సహజ జాతులనే ఎంచుకోవాలి. మర్రి, రావి, జువ్వి, మేడి కలిపి నాటితే, ఒక్కో చెట్టు ఒక్కో నెలలో కాయడం వల్ల ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పండు ఉంటుంది. తోటల మీద ఒత్తిడి తగ్గించే పద్ధతి కూడా ఇదే.

నేరేడుకొమ్మ:
వేట, చట్టాల సంగతి ఎవరైనా క్లుప్తంగా చెప్తారా?

జాగ్రత్తచూపు:
వేట తీవ్రతకు ఒక అంకె చాలు. ఘనాలో ఏటా కనీసం 1,28,000 గడ్డిరంగు గబ్బిలాలు మాంసానికి అమ్ముడవుతున్నాయని 2011లో అంచనా వేశారు. జాంబియాలోని కసాంకా పార్కులో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు లక్షల్లో, కోటి దాకా చేరతాయని చెప్పేదీ ఈ జాతే. అంత పెద్ద గుంపు ఉన్న జాతి కూడా "ముప్పుకు దగ్గర" వర్గంలో ఉంది. పసిఫిక్ దీవుల నుంచి గువామ్‌కు మాంసం ఎగుమతి చాలా దీవులను ఖాళీ చేసింది. 1989లో సైటీస్ (వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) సమావేశం టెరోపస్ ప్రజాతి మొత్తాన్నీ వ్యాపారాన్ని నియంత్రించే రెండో అనుబంధంలోకి, కొన్ని పసిఫిక్ జాతులను వ్యాపారాన్ని నిషేధించే మొదటి అనుబంధంలోకి తెచ్చాకే ఆ వ్యాపారానికి పగ్గాలు పడ్డాయి.

భారత్‌లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి ఐదో షెడ్యూలులో హానికర జీవులుగా పెట్టింది. సలీం అలీ పండ్ల గబ్బిలం ఒక్కటి దానికి మినహాయింపు. 2022 సవరణ ఆ షెడ్యూలునే తీసేసింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. "గబ్బిలాన్ని ఎవరైనా చంపొచ్చు" అనే పాత మాట ఇంకా చాలామంది నోట వినిపిస్తుంది. అది చెల్లదని చెప్పండి.

విత్తనాలపుట్ట:
కోలుకున్న జాతులూ ఉన్నాయి, వాటిని వదిలేయొద్దు. మారిషస్‌కు చెందిన రోడ్రిగ్స్ దీవి గబ్బిలం 1970ల్లో వంద లోపుకు పడిపోయింది. చెట్లు తిరిగి నాటడం, రక్షణ, జూలలో పెంపకం కలిసి 2010ల నాటికి 20 వేల దగ్గరికి తెచ్చాయి. టాంజానియాలోని పెంబా దీవిలో ఊళ్లవాళ్లే సంఘాలు పెట్టుకుని మకాంలను కాచారు. 1990ల తొలినాళ్లలో కొద్ది వేలున్న పెంబా ఎగిరే నక్కలు 2007 నాటికి 20 వేలు దాటాయి. ఏడాదికి ఒక్క పిల్లే అయినా, చంపడం ఆగి చెట్లు మిగిలితే పదిహేనేళ్లలో ఇంత సాధ్యం.

నేరేడుకొమ్మ:
చివరిగా లెక్కపెట్టే పద్ధతి. ఒక మకాం దగ్గర నలుగురు కలిసి మొదలుపెట్టాలంటే?

రాత్రిలెక్క:
సూర్యాస్తమయానికి అరగంట ముందు చేరాలి. కనీసం 50 మీటర్ల దూరం. పడమటి వెలుగు గబ్బిలాల వెనక ఉండేలా నిలబడితే నల్లని నీడల్లా స్పష్టంగా కనిపిస్తాయి. ఆకాశాన్ని నలుగురూ చెట్లు, స్తంభాల గుర్తులతో పంచుకోవాలి, ఒకరి వాటాలోది ఇంకొకరు లెక్కించకూడదు. పెద్ద ప్రవాహంగా వచ్చినప్పుడు పదులుగా లెక్కించి కౌంటర్ ఒక్కసారి నొక్కాలి. తిరిగి చెట్టుకు వచ్చినవాటిని తీసేయాలి. వాన రోజు వద్దు. వరసగా మూడు సాయంత్రాలు చేసి మూడు అంకెలూ రాయండి, సగటు ఒక్కటే రాస్తే తేడా ఎంతో తరువాత తెలియదు.

పుస్తకంలో తేదీ, మొదటిది ఎగిరిన సమయం, ఆపిన సమయం, గాలి, మబ్బు, ఆ రోజు ఎన్ని చెట్ల మీద ఉన్నాయి, కింద చచ్చినవి ఎన్ని, చుట్టుపక్కల ఏ చెట్లు పూతలో ఉన్నాయి, ఇవన్నీ ఉండాలి. పూత గడి మరచిపోవద్దు. పదిహేను కిలోమీటర్ల అవతల ఏదైనా తోపు పూస్తే గుంపులో సగం అటు మకాం మారుస్తుంది. అది తగ్గుదల అనుకుని కంగారు పడతాం, వచ్చే నెల తిరిగొస్తే పెరుగుదల అనుకుంటాం.

నేరేడుకొమ్మ:
ఏడాదికి ఒక్కసారే చేయగలిగితే ఏ నెల మేలు?

రాత్రిలెక్క:
ముందు ఆ మకాంలో పిల్లలు ఎప్పుడు పుడతాయో చూడండి. తొలి మూడు నాలుగు వారాలు తల్లి పొట్టకు పట్టుకునే ఎగురుతాయి, రెండింటినీ ఒకటిగా లెక్కిస్తాం. ఆ తరువాత పిల్లలను చెట్టు మీదే వదిలి తల్లులు మేతకు పోతాయి, అప్పుడు లెక్కిస్తే పిల్లలు ఆకులచాటున మిగిలిపోతాయి. పిల్లలు సొంతంగా ఎగరడం మొదలైన రెండు వారాల్లో ఒక తేదీ పెట్టుకుని, ఏటా అదే పక్షంలో చేయండి. ఆ రోజు పగలే బైనాక్యులర్స్‌తో ఒక వంద గబ్బిలాలను చూసి, అందులో ఆ ఏటి పిల్లలు ఎన్నో వేరే గడిలో రాయండి. మొత్తం అంకె తగ్గడం బయటపడటానికి నాలుగైదేళ్లు పడుతుంది గానీ, నూటికి పిల్లలు తగ్గడం రెండో ఏడాదికే కనిపిస్తుంది.